కారు డోర్లు, బానెట్, డిక్కీ: హింజ్‌లకు, లాక్‌లకు గ్రీజు పెట్టడం ఎలా?

కారు డోరు కిర్రుమంటే ఇంట్లో అందరికీ వినపడుతుంది. మర్నాడే ఎవరో ఒకరు స్ప్రే డబ్బా తెచ్చి నాలుగు చోట్ల కొట్టేస్తారు, చప్పుడు పోతుంది, పని అయిపోయిందనుకుంటారు. బానెట్ కింద ఉండే లాచ్, అంటే దాన్ని మూసి పట్టుకునే కొక్కెం, మాత్రం అరవదు. తుప్పు పట్టినా, మట్టి నిండినా, స్ప్రింగు బిగుసుకుపోయినా దానికి చడీచప్పుడు ఉండదు. హైవే మీద వంద కిలోమీటర్ల వేగంలో గాలికి బానెట్ లేచి ముందద్దాన్ని కప్పేసినప్పుడే అక్కడ ఒక లాచ్ ఉందని గుర్తుకొస్తుంది. డ్రైవర్ డోరు మీది తాళం రంధ్రమూ అంతే. రిమోట్ బ్యాటరీ అయిపోయిన రోజున తాళంచెవి తిరగకపోతే తప్ప దాని జోలికి ఎవరూ పోరు.

కాబట్టి ఈ పనిని చెవితో వెతుక్కుంటూ చేయకండి. ముందు బానెట్, తర్వాత డోర్లు, ఆ తర్వాత తాళం రంధ్రం, డిక్కీ. ఈ వరుసలో వెళ్తే చప్పుడు చేసేవీ చేయనివీ అన్నీ చేతికిందికి వస్తాయి. మొదటిసారి గంటన్నర పట్టొచ్చు. అలవాటైతే ముప్పావు గంట చాలు. సర్వీస్ బిల్లులో ‘డోర్ లూబ్రికేషన్’ అని ఒక లైను కనిపిస్తే సంతోషించి ఊరుకోకండి. చాలాచోట్ల ఆ డబ్బుకు దక్కేది హింజ్ మీద, అంటే డోరు తిరిగే కీలు మీద, ఒక్కో పిచికారీ మాత్రమే. తుడవడం ఉండదు, బానెట్ లాచ్ ఊసే ఉండదు.

ఎప్పుడు చేయాలి

ఏడాదికి రెండుసార్లు చేస్తే సరిపోతుంది. ఒకటి మే నెలాఖరులో, వానలు మొదలయ్యే ముందు. ఇంకోటి వానలు వెళ్లాక. తెలంగాణలో అది నవంబరు అవుతుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా తడుపుతుంటాయి కాబట్టి సంక్రాంతి ముందు పెట్టుకోవచ్చు. సముద్రం దగ్గర ఉండేవాళ్ల లెక్క వేరు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం పొడుగునా గాలిలో ఉప్పు ఉంటుంది. విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఆరుబయట కారు పెట్టుకునేవాళ్లు బానెట్ లాచ్‌ని మూడు నెలలకోసారి చూడాలి. కారును వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి వచ్చాక కూడా ఒకసారి చూడటం మంచిది. గట్టి ప్రెషర్‌తో కొట్టే నీళ్లు మట్టితో పాటు గ్రీజును కూడా కడిగేస్తాయి.

ఎండలో చేయకండి. నీడలో, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కారు కడిగి ఆరిన తర్వాత మొదలుపెట్టండి. సెల్లార్ పార్కింగ్ అయితే గాలి ఆడే వైపు చూసుకోండి. ఈ స్ప్రేలలో చాలావాటికి మండే గుణం ఉంటుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్, డాష్‌బోర్డు మీద అగరుబత్తి ఏవీ ఉండకూడదు.

ఏమేం తెచ్చుకోవాలి

అన్నిటికీ ఒకే డబ్బా వాడటం ఈ పనిలో అందరూ చేసే తప్పు. ఆ డబ్బా సాధారణంగా డబ్ల్యూడీ-40 అయి ఉంటుంది. దాన్ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారుచేశారు. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా తేమను తరిమేయడం దాని మొదటి ఉద్యోగం. ఆ పని ఇప్పటికీ చక్కగా చేస్తుంది. బిగుసుకున్నదాన్ని వదులు చేస్తుంది, ఎండిపోయిన పాత జిడ్డును కరిగిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే. మిగిలే నూనె పొర చాలా పల్చన. డోరు హింజ్ మీద కొడితే చప్పుడు వెంటనే పోతుంది, కొన్ని వారాలకు తిరిగి వస్తుంది. పైగా అక్కడున్న కంపెనీ గ్రీజు కూడా దానితో పాటు కరిగి కారిపోతుంది. కాబట్టి దీన్ని శుభ్రం చేయడానికి వాడండి, కందెనగా లెక్కేయకండి.

కందెనగా కావలసినవి మూడు. ఇనుము ఇనుముతో రాసుకునే చోట, అంటే హింజ్‌లు, లాచ్‌లు, స్ప్రింగుల దగ్గర, వైట్ లిథియం గ్రీజు. దీన్ని స్ప్రే రూపంలో కొనండి. డబ్బాలోంచి పల్చగా వచ్చి సందుల్లోకి దిగుతుంది, కాసేపటికి ద్రావకం ఆరిపోయి తెల్లటి గ్రీజుగా నిలబడుతుంది, కారిపోదు. రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ సిలికాన్ స్ప్రే. తాళంచెవి దూరే రంధ్రానికి గ్రాఫైట్ పొడి గానీ, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న డ్రై లూబ్రికెంట్, అంటే ఆరిపోయి పొడి పొరగా నిలిచే కందెన గానీ. ఆటోమొబైల్ స్పేర్ పార్టుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవన్నీ దొరుకుతాయి. ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయలు. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తాయి, ఎందుకంటే వాడేది చాలా తక్కువ.

ఇవి కాక పాత టూత్‌బ్రష్‌లు రెండు, పాత బనియన్ గుడ్డలు, పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి, ఒక టార్చి. చేతులకు గ్లవ్స్ ఉంటే సరే. లాచ్‌ల మీద స్ప్రే చేసేటప్పుడు ఎదురు తుంపర కంట్లో పడొచ్చు, మామూలు కళ్లజోడైనా పెట్టుకోండి.

ఇంట్లో ఉన్నదేదో వాడేద్దామని అనిపించడం సహజమే. కొబ్బరినూనె వద్దు. అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లోనో అరకులోనో పొద్దున్నే డోరు తీయబోతే లాచ్‌లో పేరుకుని ఉంటుంది. వంటనూనెలు వద్దు, ఎండకు ఆరి బంకలా మారతాయి. వాడేసిన ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. షెడ్డులో ఊరికే దొరుకుతుంది, నల్లగా చిక్కగా ఉండి పనికొచ్చేలా కనిపిస్తుంది గానీ అందులో ఇంజన్ లోపలి అరుగుదల రేణువులు, మసి, ఆమ్లాలు ఉంటాయి. కుట్టు మిషన్ నూనె మాత్రం ఫర్వాలేదు, హింజ్ సందులోకి బాగా దిగుతుంది. పల్చనిది కాబట్టి తొందరగా పోతుందంతే.

బానెట్

స్టీరింగ్ కింద ఉన్న లివర్ లాగండి. అక్కడే మొదటి పరీక్ష. లివర్ తేలిగ్గా రావాలి, బానెట్ ‘టప్’మని పైకి లేవాలి. లివర్ గట్టిగా ఉండి చేతికి పట్టేసినట్టు అనిపిస్తే బలం పెట్టి లాగకండి. లోపల ఉన్నది సన్నటి ఇనుప కేబుల్. అది తెగితే బానెట్ తెరవడం పెద్ద తలనొప్పి. ఒకరు లివర్ లాగి పట్టుకుంటే ఇంకొకరు బానెట్ ముందు అంచును అరచేత్తో కిందికి నొక్కి వదలాలి. లాచ్ మీద బరువు తగ్గి చాలాసార్లు ఊడివస్తుంది.

తెరిచాక బానెట్‌కు కడ్డీ సరిగ్గా పెట్టండి. రేడియేటర్ పైన అడ్డంగా ఉన్న ఇనుప పట్టీ మధ్యలో లాచ్ ఉంటుంది. కారు ముందు భాగం ఎదుర్కొనే దుమ్ము, పురుగులు, వాన నీళ్లు అన్నీ దాని మీదే పడతాయి. టార్చి వేసి చూడండి. నల్లటి ముద్ద పేరుకుని ఉంటే ఆశ్చర్యపోవద్దు. అది పాత గ్రీజు, దుమ్ము కలిసినది. దాని మీదే కొత్త గ్రీజు పెడితే రెండు ఇనుప ముక్కల మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

గుడ్డను లాచ్ కింద పరిచి, శుభ్రం చేసే స్ప్రేను కొద్దిగా కొట్టండి. రెండు నిమిషాలు నాననిచ్చి టూత్‌బ్రష్‌తో తోమండి. గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా మళ్లీ అదే. ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే, తినాల్సిందీ ఇదే. గ్రీజు పెట్టడం అర నిమిషం పని. కింద రేడియేటర్ ఫ్యాను, పక్కన బెల్టులు ఉంటాయి కాబట్టి వాటి మీద కారకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవడం మరవకండి.

లాచ్ శుభ్రపడ్డాక అందులో కదిలే ప్రతి భాగాన్నీ వేలితో కదిపి చూడండి. బానెట్ రెండు దశల్లో తెరుచుకుంటుందని మీకు తెలుసు. లోపలి లివర్ లాగితే మొదటి పట్టు వదులుతుంది, తర్వాత మనం బానెట్ సందులో వేలు పెట్టి జరిపే చిన్న కొక్కెం రెండోది. మొదటి పట్టు ఎప్పుడైనా జారితే బానెట్ పైకి లేవకుండా ఆపేది ఆ కొక్కెమే. దాన్ని పక్కకు జరిపి వదిలేయండి. చటుక్కున తనంతట తానే వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ఇంకా శుభ్రం చేయాలి. ఎంత శుభ్రం చేసినా, గ్రీజు పెట్టినా సగంలో ఆగిపోతుంటే స్ప్రింగు పోయినట్టు. కొత్త లాచ్ వేయించేదాకా ఆ కారును హైవే ఎక్కించకండి.

ఇప్పుడు వైట్ లిథియం గ్రీజు. స్ప్రేకు వచ్చే సన్నటి గొట్టం తగిలించి లాచ్ తిరిగే కీలు దగ్గర, స్ప్రింగు రెండు చివర్లలో, కొక్కెం కీలు మీద, కేబుల్ వచ్చి తగిలే చోట ఒక్కో క్షణం నొక్కండి. బానెట్ అడుగున ఉన్న ఇనుప కొక్కీకి, అంటే లాచ్‌లోకి దిగే భాగానికి, వేలితో పల్చగా రాస్తే చాలు. తర్వాత స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ను కిందికి నొక్కి ‘టక్’మని మూసుకునేలా చేయండి, లోపల లివర్ లాగి వదిలించండి. ఇలా అయిదారు సార్లు చేస్తే గ్రీజు అంతటా పాకుతుంది. చివరికి లాచ్ తెరిచి ఉన్న స్థితిలోనే వదిలేయాలి. మూసి ఉన్న లాచ్ మీద బానెట్ వేస్తే కొక్కీ వంగుతుంది.

బానెట్ హింజ్‌లు రెండూ వెనక, ముందద్దం దగ్గర ఉంటాయి. తుడిచి ఒక్కోదానికి ఒక్కో చుక్క, బానెట్‌ను నాలుగైదు సార్లు ఎత్తి దించడం, మిగిలింది తుడవడం. ఆకులు, వేప పూత అక్కడే ఇరుక్కుంటాయి, తీసేయండి. కడ్డీ తిరిగే మొదట్లో కూడా కాస్త రాయండి.

మూసేటప్పుడు బానెట్‌ను చేతులతో అదిమితే రేకు సొట్టపడుతుంది. జానెడు ఎత్తు నుంచి వదిలితే చాలా కార్లలో దాని బరువుకే పడుతుంది. తర్వాత ముందు అంచు పట్టుకుని పైకి లాగి చూడండి. కదలకూడదు. హెడ్‌లైట్ల దగ్గర సందు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో కూడా ఒక చూపు చూడండి.

డోర్లు

ఇక్కడ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో ముందు కనిపెట్టాలి. డోరు పూర్తిగా తెరిస్తే ముందు వైపు, పిల్లరుకు (డోరు పక్కన బాడీలో నిలువుగా ఉండే స్తంభానికి) ఆనుకుని పైనా కిందా రెండు హింజ్‌లు కనిపిస్తాయి. చాలా కార్లలో వాటి మధ్య డోరు లోపలికి దూరే ఒక ఇనుప పట్టీ ఉంటుంది. డోరును సగంలో, చివరలో ఆపేది అదే. షెడ్డుల్లో దాన్ని డోర్ స్టాపర్ అంటారు. ఒకరిని డోరు మెల్లగా ఆడించమని చెప్పి మీరు పై హింజ్ మీద, కింది హింజ్ మీద, ఆ పట్టీ మీద వేలు పెట్టి చూడండి. అరిచే చోట వేలికి వణుకు తగులుతుంది. నా అనుభవంలో హింజ్ అని అందరూ అనుకునే చప్పుళ్లలో సగం ఈ పట్టీవే. ‘టక్... టక్’మని ఆగి ఆగి వచ్చేదైతే దాదాపు తప్పకుండా పట్టీయే. డోరు మూసి ఉన్నప్పుడు, స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే కుయ్‌కుయ్ మాత్రం ఈ రెంటిదీ కాదు, అది రబ్బరు.

హింజ్‌కు పెట్టేటప్పుడు పైనుంచి పెట్టాలి. పిన్ను పైకొస దగ్గర, రెండు రేకులు కలిసే సందులోకి గొట్టం చూపించి కొద్దిగా నొక్కితే గ్రీజు దానంతటదే కిందికి దిగుతుంది. ముందు తుడవడం మామూలే. ఎర్రటి తుప్పు నీరు కారిన మరక ఉంటే శుభ్రం చేసే స్ప్రే కొట్టి, డోరు పదిసార్లు ఆడించి, ఎరుపు రావడం ఆగాకే గ్రీజు పెట్టండి. హింజ్ బోల్టులు మాత్రం ముట్టుకోకండి. అవి కొంచెం వదులైనా డోరు కుదురు తప్పుతుంది, మళ్లీ సరిచేయడానికి చేయి తిరిగిన టింకరే కావాలి.

స్టాపర్ పట్టీని చివరిదాకా తుడవాలి. ఆ పట్టీ మీది గ్రీజుకు దుమ్ము బాగా అంటుకుంటుంది, ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే కార్లలో అయితే పట్టీ రంగే మారిపోతుంది. తుడిచాక రెండు వైపులా పల్చటి పొర రాసి, డోరు ఆడించి, పట్టీ అంచుల్లో కుప్పపడిన గ్రీజును మళ్లీ తుడిచేయండి. పక్కనే వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం ఉంటుంది. గ్రీజు దాని మీద పడితే వెంటనే తుడవండి. పెట్రోలియం నూనెలకు కొన్ని రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి.

ఇక లాచ్. డోరు వెనక అంచులో అరచేయంత చోట చీలిక, అందులో వంకర కొక్కెం కనిపిస్తుంది. ఎదురుగా పిల్లరు మీద ఉన్న ఇనుప కమ్మీని అది పట్టుకుంటుంది. బానెట్ లాచ్‌ని నానబెట్టినట్టు దీన్ని నానబెట్టకండి. ఇప్పటి కార్లలో సెంట్రల్ లాకింగ్ మోటారు, డోరు తెరిచి ఉందని చెప్పే స్విచ్చు చాలావరకు ఈ లాచ్‌తోనే కలిసి ఉంటాయి. స్ప్రేను టూత్‌బ్రష్ మీద కొట్టి ఆ బ్రష్‌తో తోమండి. కొక్కెం తిరిగే చోట వైట్ లిథియం చిటికెడు చాలు.

స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని తిప్పితే రెండు క్లిక్కులు వినిపించాలి. మొదటిది సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. రెండూ స్పష్టంగా వినపడితే లాచ్ బాగున్నట్టు. ఆ తర్వాత ఇది గుర్తుంచుకోండి: డోరు మూసే ముందు హ్యాండిల్ లాగి కొక్కేన్ని తెరవాలి. మరిచిపోయి డోరు విసిరితే మూసిన కొక్కెం వెళ్లి ఇనుప కమ్మీకి గుద్దుకుంటుంది, పెయింటు లేచిపోతుంది.

పిల్లరు మీది కమ్మీకి గ్రీజు దట్టంగా పూసేవాళ్లున్నారు. దిగేటప్పుడు చీర కొంగూ తెల్ల చొక్కా చేతులూ సరిగ్గా దానికే రాసుకుంటాయి. ఆ మరక ఉతికినా పోదు. కమ్మీని శుభ్రంగా తుడిచి డ్రై లూబ్రికెంట్ పల్చగా కొడితే చాలు. కమ్మీ ఒక వైపే బాగా అరిగి మెరుస్తుంటే అది గ్రీజుతో తీరే సమస్య కాదు. డోరు కిందికి వాలింది. డోరు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. లటుక్కుమని ఆడితే హింజ్ పిన్ను అరిగింది. దాన్ని మార్పించాలి.

వెనక డోర్లలో చైల్డ్ లాక్ మీట ఉంటుంది. ఏళ్ల తరబడి కదపక బిగుసుకుపోయి, తీరా పసిపిల్లలు కారెక్కిన రోజున వేలికి రాదు. నాలుగుసార్లు పైకీ కిందికీ జరపండి, గట్టిగా ఉంటే సిలికాన్ ఒక చుక్క. అక్కడున్నప్పుడే డోరు అడుగు అంచున ఉండే చిన్న నీటి రంధ్రాలను అగ్గిపుల్లతో పొడిచి చూడండి. అవి మూసుకుపోతే వాన నీళ్లు డోరు లోపలే నిలిచి అడుగు నుంచి తుప్పు తినేస్తాయి.

చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టుకుని ఆ గుడ్డతో రాయండి. రబ్బరు మీదికి సూటిగా కొడితే తుంపర అద్దాల మీద, సీట్ల మీద పడుతుంది. ముందద్దం మీద పడితే వైపరు తిరిగినప్పుడల్లా పొగమంచులా అలుముకుంటుంది, అంత తేలిగ్గా వదలదు. కిటికీ అద్దం ఆడే గాడిలో కూడా ఇదే రాస్తే అద్దం సులువుగా దిగుతుంది. సీటు బెల్టు బయటికొచ్చే చోట మాత్రం ఏ స్ప్రే కొట్టకండి. బ్రేక్ డిస్కుల వైపూ అంతే.

అమెరికాలోనూ కెనడాలోనూ చలి ప్రాంతాల్లో ఉండే మనవాళ్లకు ఈ సిలికాన్ పని మరీ ముఖ్యం. తడిసిన రబ్బరు రాత్రికి గడ్డకట్టి డోరుకు అతుక్కుపోతుంది, బలంగా లాగితే చిరుగుతుంది. మంచు మొదలయ్యే ముందే రాసి ఉంచితే అతుక్కోవడం బాగా తగ్గుతుంది. అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు మన తీరప్రాంతపు గాలి కంటే వేగంగా హింజ్‌లను తినేస్తుంది కాబట్టి చలికాలం వెళ్లాక ఇంకోసారి కడిగి గ్రీజు పెట్టుకోవాలి.

మారుతి ఈకో లాంటి పక్కకు జరిగే డోర్లున్న బండ్లలో పట్టాలు చూడాలి. కింది పట్టాలో ఇసుక, చిప్స్ ముక్కలు, పిల్లల పెన్సిల్ పొట్టు అన్నీ ఉంటాయి. బ్రష్‌తో ఊడ్చి, గుడ్డతో తుడిచి, పట్టాలో డోరును నడిపించే చిన్న చక్రాల ఇరుసులకు మాత్రమే గ్రీజు పెట్టండి. పట్టా పొడుగునా గ్రీజు పూస్తే వారం తిరిగేసరికి మళ్లీ ఇసుకే.

తాళం రంధ్రం

రిమోట్ వచ్చాక దీన్ని మరిచిపోయాం. కొన్ని కార్లలో అయితే హ్యాండిల్ చివర చిన్న ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది, అక్కడ రంధ్రం ఉందనే చాలామందికి తెలియదు. ముందుగా ఆ మూత ఎలా ఊడుతుందో, రిమోట్‌లో దాచిన తాళంచెవి ఎలా బయటికి వస్తుందో మాన్యువల్ చూసి ఇప్పుడే నేర్చుకోండి. బ్యాటరీ చచ్చిన అర్ధరాత్రి నేర్చుకునే విద్య కాదది.

ఇందులో నూనె పోయకూడదు, గ్రీజు అసలే పెట్టకూడదు. లోపల తాళంచెవి గాళ్లకు తగ్గట్టు పైకీ కిందికీ జరిగే పల్చటి పలకలు వరుసగా ఉంటాయి. నూనెకు దుమ్ము అంటుకుని ముద్దయితే అవి కదలవు. గ్రాఫైట్ పొడిని రంధ్రంలోకి ఒక్కసారి చిన్నగా ఊదండి. తాళంచెవి పెట్టి తీయడం, రెండు వైపులా తిప్పడం, బయటికొచ్చిన నలుపును తుడవడం, ఇలా ఎనిమిది పదిసార్లు. గ్రాఫైట్ దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ మొనను తాళంచెవి గాళ్ల మీద రుద్ది అదే పని చేయొచ్చు, తాత్కాలికంగా బాగానే పనిచేస్తుంది. గతంలో ఎవరైనా అందులో నూనె పోసి ఉంటే నేరుగా గ్రాఫైట్ వేయకండి, రెండూ కలిసి బురదవుతాయి. శుభ్రం చేసే స్ప్రేతో కడిగి, తాళంచెవిని మళ్లీ మళ్లీ తుడుస్తూ ఆడించి, ఒక పూట ఆరనిచ్చి అప్పుడు వేయండి. లేదా పీటీఎఫ్ఈ డ్రై లూబ్ వాడండి.

ఆ తర్వాత నెలకోసారి రిమోట్ పక్కన పెట్టి తాళంచెవితోనే డోరు తీయండి. వాడకమే దానికి పెద్ద మందు. స్టీరింగ్ దగ్గర ఇంజన్ స్టార్ట్ చేసే తాళం రంధ్రంలో మాత్రం సొంతంగా ఏ ద్రవాన్నీ కొట్టకండి. దాని వెనక కరెంటు కాంటాక్టులు ఉంటాయి. అక్కడ తాళంచెవి పట్టేస్తుంటే మెకానిక్ పని.

డిక్కీ

వెనక తలుపున్న చిన్న కార్లలో హింజ్‌లు పైన, కప్పు అంచున ఉంటాయి. అవి పెద్దగా పాడవ్వవు, ఒక్కో చుక్క చాలు. లాచ్ సంగతి వేరు. కారు పరుగెడుతున్నప్పుడు వెనక ఏర్పడే గాలి సుడి రోడ్డు దుమ్మును లేపి డిక్కీ తలుపుకు కొడుతుంది. వెనక అద్దం అంత మురికిగా ఉండేది అందుకే. లాచ్‌లోనూ అదే మురికి. డోరు లాచ్‌లాగే బ్రష్‌తో తోమి, కొద్దిగా గ్రీజు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో క్లిక్కులు చూసి, మళ్లీ తెరిచి వదలండి. స్విచ్చు నొక్కితే తెరుచుకునే డిక్కీ అయితే, మూసి ఉన్న లాచ్‌ను స్విచ్చు నొక్కే వదిలించాలి. ముందే అది పనిచేస్తోందో లేదో చూసుకోండి.

సెడాన్లలో డిక్కీ హింజ్‌లు హంస మెడలా వంగి లోపలికి పోయి ఉంటాయి. వాటి కీళ్ల దగ్గర గ్రీజు పెట్టండి గానీ, వెనక అడ్డంగా మెలితిరిగి ఉండే ఇనుప కడ్డీల జోలికి పోవద్దు. డిక్కీ తలుపును పైకి ఎత్తేది ఆ కడ్డీల్లో బిగించిన బలమే. జారితే చెయ్యి విరుగుతుంది.

తలుపును పైకి ఎత్తి పట్టుకునే గ్యాస్ స్ట్రట్‌లకు ఏ నూనే వద్దు. ఆ మెరిసే కడ్డీని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. జిడ్డుకు అంటుకున్న దుమ్ము లోపలి సీలును కోస్తుంది, గ్యాసు పోతుంది. తలుపు నెత్తిమీద పడుతోందంటే గ్యాసు పోయినట్టే. రెండూ ఒకేసారి మార్చండి. పాతవాటిని తెరవాలనో చిల్లు పెట్టాలనో చూడకండి, లోపల గ్యాసు చాలా ఒత్తిడితో ఉంటుంది. పెట్రోలు మూత హింజ్‌కు సిలికాన్ ఒక్క చుక్క పెట్టి తుడిచేయండి, ట్యాంకు మూత బిగించి ఉన్నప్పుడే.

అన్నీ అయ్యాక ఇంకోసారి చుట్టూ తిరిగి కారిన గ్రీజును తుడవండి. పెయింటు మీద పడినవాటిని కారు షాంపూ నీళ్లతో కడిగేయండి. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే రాత్రంతా సందుల్లోంచి జారిన చుక్కలు ఇంకొన్ని కనిపిస్తాయి, వాటినీ తుడవండి.

ఇంత చేసినా డోరును రెండుసార్లు విసిరితే గానీ పడకపోవడం, డాష్‌బోర్డులో డోరు తెరిచి ఉందన్న గుర్తు ఆరకపోవడం, లాక్ మోటారు ‘గిర్ర్’మని తిరిగి తాళం పడకపోవడం ఉంటే ఇంకా గ్రీజు కొట్టి లాభం లేదు. అవి కమ్మీ కుదురు, స్విచ్చు, మోటారు సమస్యలు. మెకానిక్‌కు చూపించేటప్పుడు ఏం శుభ్రం చేశారో, ఏం పెట్టారో చెప్పండి, అతని వెతుకులాట సగం తగ్గుతుంది.

మిగిలిన స్ప్రే డబ్బాలను డిక్కీలో పడేసి మరిచిపోకండి. వాటి మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల ఆ వేడి దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఇంట్లో, వంటగదికి దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టుకోండి.